ముఖం మీది పచ్చబొట్టు ఎన్నేళ్లుంటది?

ఇది కొంచెం పొడుగు పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా హాస్టల్‌లో జూనియర్ చెల్లె ఒకామె తన కనుబొమ్మలు పల్చగున్నయని ఎప్పుడూ బాధపడుతుంటది. చార్మినార్ నుంచి శాలిబండ పోయే దారి సందుల్లో ఉన్న పార్లర్లలో కనుబొమ్మలకు రంగు ఎక్కిస్తరని, ఒక్కసారి చేయించుకుంటే రోజూ పెన్సిల్ పట్టుకునే పని ఉండదని ఎవరో చెప్పిన్రట. "అక్కా, అది ఎన్నాళ్లుంటది? నచ్చకపోతే పోతదా?" అని అడిగింది. పార్లరోళ్లనే అడుగు అన్న. ఒక చోట రెండేళ్లన్నరట, ఇంకో చోట ఐదేళ్లన్నరట, మూడో చోట పర్మనెంట్ అన్నరట. మన ఇండ్లల్ల ముసలమ్మల గడ్డం మీద, కణతల మీద అరవై డెబ్బై ఏండ్ల నుంచి ఉన్న చుక్కలకు ఏ పార్లరోళ్లూ గ్యారంటీ ఇయ్యలేదు. అవి ఎందుకు పోలేదు, ఇవి ఎందుకు పోతయి అని వెతుక్కుంటూ పోతే చరిత్రలోకి పోయిన. అదే ఇక్కడ రాస్తున్న.

ముందు సూటి జవాబు. లాడ్ బజార్ దగ్గర చేతికి పెట్టించుకునే మెహందీ ఒకటి నుంచి మూడు వారాలు ఉంటది. పార్లర్‌లో చేసే కనుబొమ్మల పని, దాన్ని మైక్రోబ్లేడింగ్ అనో పర్మనెంట్ మేకప్ అనో అంటరు, మామూలుగా ఏడాది నుంచి మూడేళ్లు నిలుస్తది, మధ్యలో టచప్ చేయించుకుంటుండాలె. మసితోని పొడిచిన పచ్చబొట్టు మనిషి ఉన్నంత కాలం ఉంటది. మూడూ చర్మం మీద రంగే. రంగు ఎంత లోతుకు పోయింది, ఆ రంగు దేనితో చేసింది అన్నదాంట్లోనే తేడా అంతా ఉంది. ఆ లోతు తేడా కూడా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపలే.

మన చర్మం పైపొర ఎప్పుడూ అరిగి రాలిపోతనే ఉంటది. దాదాపు నెల రోజుల్లో కింద నుంచి కొత్త కణాలు పైకొచ్చి పాతవి పోతయి. గోరింటాకు రంగు ఆ పై పైన ఉన్న చచ్చిన కణాలకే పట్టుకుంటది, కాబట్టి వాటితోనే రాలిపోతది. పచ్చబొట్టు సూది ఆ పొరను దాటి కిందున్న పొరలోకి దిగుతది. ఆ పొర రాలదు. అయితే రాలకపోవడం ఒక్కటే కారణం కాదు. శరీరం ఆ మసిని దుమ్ము లెక్క, బయటి నుంచి వచ్చిన శత్రువు లెక్క చూస్తది. రక్షణ కణాలు వచ్చి దాన్ని మింగేస్తయి. మింగుతయి గాని అరిగించుకోలేవు. కడుపులో పెట్టుకొని అక్కడే కూర్చుంటయి. మరి ఆ కణం చచ్చిపోతే? 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం పరిశోధకులు ఎలుకల తోక మీద పచ్చబొట్టు పొడిచి ఈ సంగతి చూసిన్రు. పాత కణం చచ్చి మసిని వదలగానే పక్కనే కొత్తగా వచ్చిన కణం దాన్ని మళ్లీ మింగుతుందట. అంటే పచ్చబొట్టు ఒక్కసారి వేసి వదిలేసిన గుర్తు కాదు, లోపల ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ వస్తుందన్నమాట. ఈ విషయం చదివినప్పుడు నాకు మస్తు ఆశ్చర్యమైంది.

పార్లర్ రంగు ఎందుకు నిలవదంటే, కావాలనే దాన్ని తక్కువ లోతులో వేస్తరు. రంగు కూడా ఎక్కువగా ఇనుము ఆక్సైడ్‌తో చేసింది, అంటే శుద్ధి చేసిన తుప్పు అనుకోండి. ముఖానికి రోజూ ఎండ తగులుతది, ఎండకు రంగులు వెలుస్తయి. జిడ్డు చర్మమైతే ఇంకా తొందరగా మసకబారుతది. రేణువులు మరీ చిన్నవైతే శరీరం కొన్నిటిని మోసుకుపోతది. కానీ "పోతది" అంటే తుడిచినట్టు పోతదని అనుకోవద్దు. ఇనుము రంగు పోతూ పోతూ కొందరికి ఎర్రగా, ఇటుక రంగుగా మిగులుతది. కార్బన్ కలిపిన రంగైతే నీలం బూడిద రంగుకు తిరుగుతది. అందుకే ఆ పార్లర్లలో చెప్పిన మాటలు, పర్మనెంట్ అన్నదీ, పూర్తిగా పోతదన్నదీ, రెండూ సగం నిజాలే.

ఇప్పుడు మన ముసలమ్మల మసి సంగతికి వస్తా. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1906లో దక్షిణ భారతం మీద ఒక పుస్తకం వేసిండు. అందులో కొరవ ఆడవాళ్లు పచ్చబొట్టు రంగు ఎట్ల చేస్తరో రాసిండు. కొరవలంటే మన దిక్కు ఎరుకలోళ్లకు దగ్గరి వాళ్లు. పసుపు, అవిసాకు కలిపి నూరుతరు. దాన్ని పల్చటి గుడ్డలో పెట్టి వత్తిలాగా చుడతరు. మట్టి ప్రమిదలో ఆముదం పోసి ఆ వత్తి వెలిగిస్తరు. పైన కొత్త కుండ బోర్లిస్తరు. కుండ లోపల పట్టిన మసిని గీకి, తల్లి పాలలోనో నీళ్లలోనో కలుపుతరు. ఇక సూదులతో పొడవడమే. చుక్కకో గీతకో పావు అణా నుంచి పెద్ద బొమ్మకు పన్నెండు అణాల దాకా తీసుకునేవాళ్లని కూడా రాసిండు.

ఇదే థర్‌స్టన్ మన జనాల ముక్కులు కొలిచి, ఆ కొలతలతో మనుషుల జాతులు తేల్చాలని చూసినవాడు. ఆయన పుస్తకాలు చదువుతుంటే ఒళ్లు మండుతది. అయినా ఈ వంటకం రాసిపెట్టినందుకు చదవక తప్పది. మన ఆడవాళ్లు చేసిన పని మనకు తెలవాలంటే వాళ్ల ముక్కు కొలిచినోడి పుస్తకం తెరవాల్సి రావడం మన చరిత్రకు పట్టిన గతి.

ఆ మసి అంటే ఎక్కువ భాగం కార్బన్. ఎండకు వెలవదు, నీళ్లకు కరగదు, శరీరం దాన్ని విడగొట్టలేదు. ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో దొరికిన ఓట్‌జీ అనే మనిషి శవం 5300 ఏండ్ల కిందటిది. ఆయన ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టిన్రు. అవీ మసితో చేసినవే, ఇప్పటికీ కనబడుతున్నయి. ఇంకో మాట, నల్లటి మసి పెడితే "పచ్చ" బొట్టు ఎందుకైందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. చర్మం లోపల ఉన్న నలుపు మీద పడిన వెలుతురు చెదిరి బయటికి వచ్చేసరికి నీలంగా, ఆకుపచ్చగా కనబడతది. మనోళ్లు కంటికి కనబడినట్టే పేరు పెట్టిన్రు.

మా తండాలో మా దాదీకి గడ్డం మీద, కణతల పక్కన చుక్కలున్నయి, ముంజేతుల నిండా గీతలు. ఎనిమిదో తొమ్మిదో ఏట ఎరుకల ఆమె వచ్చి పొడిచిందని చెప్తది. మూడు సూదులు దారంతో కట్టి పొడుస్తుంటే ఏడ్వకుండా ఆమె పాట పాడుతుండేదట, అయ్యాక పసుపు అద్దిందట. కూలి ఏమిచ్చిన్రంటే చేటెడు జొన్నలు. ఎందుకు వేయించుకున్నవ్ దాదీ అంటే రెండు జవాబులు చెప్తది. చచ్చిపోతే వెండి బంగారం ఇండ్లల్లనే ఉంటయి, ఇవే వెంట వస్తయని ఒకటి. గుంపులో తప్పిపోతే మనోళ్లు గుర్తుపడతరని ఇంకోటి. ఈ రెండో మాటను నేను ఊరికే తీసేయలేను. లంబాడీలు వందల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగినోళ్లు, మొఘల్ సైన్యాలకు తిండి చేరవేసినోళ్లు. గోల్కొండ మీద 1687లో ముట్టడి నడిచిన కాలంలో ఇట్లాంటి ఎద్దుల బారులు లేకుంటే ఏ సైన్యమూ నెలల తరబడి ఒక్కచోట కూర్చోలేకపోయేది. అట్లాంటి ప్రయాణాల్లో ముఖం మీద గుర్తు ఉండటం ఎంత అవసరమో ఆలోచించండి.

ఆదిలాబాద్ దిక్కు ఈ పని తోటి ఆడవాళ్లది. తోటి మగవాళ్లు గోండుల పూర్వీకుల కథలు కింగ్రీ వాయిస్తూ చెప్తరు, ఆడవాళ్లు గోండు ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడుస్తరు. అంటే ఒకే ఇంట్లో మగవాళ్లు కథను నోటితో, ఆడవాళ్లు చర్మం మీద. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీమ్‌ను చంపిన తర్వాత నిజాం ప్రభుత్వానికి గోండుల మీద సర్వే అవసరమైంది. అప్పటికే హైదరాబాద్ వచ్చి ఉన్న హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి రాసిన పుస్తకాల గురించి ఈ గ్రూపులో చాలా పోస్టులొచ్చినయి, మళ్లీ చెప్పను. తోటి వాళ్లు తెలంగాణలో నాలుగు ఆదిమ గిరిజన తెగల్లో ఒకటి అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. కొలాం, చెంచు, కొండరెడ్డి మిగతా మూడు. ఈ పని చేసే చేతులే చాలా తక్కువ. ఆంధ్రా ఏజెన్సీలో, ఒడిశా కొండల్లో కోదు ముసలమ్మల ముఖాల మీద గీతలు చూసే ఉంటరు. చచ్చినంక ఆత్మల లోకంలో ఒకరినొకరు గుర్తుపట్టడానికని వాళ్లు చెప్తరు. మా దాదీ మాటకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇక్కడి దాకా అందంగనే ఉంది. ఇక మీదటిది అంత అందంగా ఉండదు.

ముఖం మీద చెరిగిపోని గుర్తు వేసే పనిని ప్రభుత్వం కూడా చేసింది. ఈస్టిండియా కంపెనీ 1797లో బెంగాల్‌లో ఒక రెగ్యులేషన్ తెచ్చింది. హత్య, దొంగ సాక్ష్యం, దొంగ పత్రాలు లాంటి నేరాలకు శిక్షపడిన ఖైదీల నుదుటి మీద పచ్చబొట్టుతో రాయాలె. నేరం ఏంది, శిక్ష ఎప్పుడు పడింది, ఏ కోర్టు వేసింది లాంటివి రాసేది. దాని పేరు గోద్నా. మన ఇండ్లల్ల ఆడపిల్లల ముఖం మీద పొడిచే పచ్చబొట్టునీ హిందీలో, ఉర్దూలో అదే గోద్నా అంటరు. ఆడపిల్లకు పెట్టే అలంకారం పేరు తీసుకుపోయి ఖైదీ నుదుటికి అంటించిన్రు. మద్రాసు ప్రాంతానికి కూడా ఈ పద్ధతి వచ్చింది. పెనాంగ్, మారిషస్ లాంటి ద్వీపాలకు పంపిన ఖైదీలు ఆ గుర్తు మీదికి తలపాగా దించుకునేవాళ్లు, జుట్టు పెంచి కప్పుకునేవాళ్లు, చెరిపేయాలని చూసేవాళ్లు. క్లేర్ ఆండర్సన్ అనే చరిత్రకారిణి 2004లో రాసిన పుస్తకంలో ఇది వివరంగా ఉంది. 1849లో దీన్ని ఆపేసిన్రు.

ఆపేసిన్రు గాని గుర్తు వేసే కోరిక పోలేదు. 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. ఈసారి ఒక మనిషి నుదుటి మీద కాదు, మొత్తం తెగ పేరు మీదనే నేరం రాసిన్రు. 1911లో ఆ చట్టాన్ని మార్చి మద్రాసు ప్రాంతానికి కూడా వర్తింపజేసిన్రు, వేలిముద్రలు తీసుకునే అధికారం అందులో పెట్టిన్రు. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో అప్పటికే 1897 నుంచి నడుస్తోంది. నుదురు పోయి బొటనవేలు వచ్చింది, అంతే. ఆ చట్టం కింద మద్రాసు ప్రాంతంలో నమోదైన వాళ్లలో ఎరుకల వాళ్లున్నరు. 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టింది వాళ్ల కోసమే. ఒకసారి ఆలోచించండి. ఊరూరా తిరిగి అందరి ఆడపిల్లలకు పచ్చబొట్లు పొడిచి, ఎరుక చెప్పి బతికిన ఆడవాళ్లు. తిరగడమే వాళ్ల పని. తిరిగితే హాజరు చెప్పాలె, ఊరు దాటాలంటే అనుమతి కావాలె అన్న చట్టం వస్తే ఆ సూదులు ఏం కావాలె? పచ్చబొట్టు పద్ధతి "నాగరికత వచ్చి" పోయిందని చాలామంది రాస్తరు. నేను అది ఒప్పుకోను. పొడిచే వాళ్ల కాళ్లకు సంకెళ్లు పడటం కూడా ఒక కారణమై ఉంటదని నా అభిప్రాయం. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని మీద ఈ గ్రూపులో పెద్దవాళ్లు నాకంటే బాగా రాస్తరు.

పాతబస్తీలో ఈ విషయం చూస్తే ఇంకో రకంగా ఉంటది. ఇక్కడి ముస్లిం ఇండ్లల్ల పచ్చబొట్టు వేయించుకోరు. చర్మాన్ని శాశ్వతంగా మార్చడం తగదని చాలామంది ఆలిములు చెప్తరు. మెహందీ మాత్రం ఇష్టంగా పెట్టుకుంటరు, పండుగకు ముందు రాత్రి లాడ్ బజార్ చూడాల్సిందే. అదే పాతబస్తీలో మీరాలం మండిలో కూరగాయలు అమ్మే ముసలమ్మల ముంజేతులు చూడండి, పచ్చబొట్లు కనబడతయి. పాలమూరు, రంగారెడ్డి ఊర్ల నుంచి వచ్చిన వాళ్లు. వాళ్ల కూతుర్ల చేతులకు ఉండయి. మనమరాలు అదే బజారులో కనుబొమ్మలకు వేలకు వేలు ఇచ్చి రంగు ఎక్కించుకుంటది. అమ్మమ్మ చేటెడు జొన్నలకు జీవితాంతం ఉండేది తీసుకుంది, మనమరాలు నెల జీతమంత పెట్టి రెండేళ్లది తీసుకుంటుంది. అమ్మమ్మది మోటు అంటరు, మనమరాలిది బ్యూటీ అంటరు. ఈ మాటల తేడా సూది లోతు వల్ల వచ్చింది కాదు.

మెహందీ అన్నందుకు ఒక జాగ్రత్త. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్లు అమ్ముతరు. గోరింటాకు అట్ల నల్లగా పండదు. వాటిల్లో జుట్టు రంగుకు వాడే పీపీడీ అనే రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. కొందరికి బొబ్బలొచ్చి మచ్చలు మిగులుతయి. అప్పుడు మూడు వారాలనుకున్నది ఏండ్లు ఉంటది.

ఇప్పుడు మనకు నేరుగా తగిలే సంగతి. ఈ గ్రూపులో సగం మంది ఆర్మీకో, పోలీసుకో, కేంద్ర బలగాలకో తయారవుతున్నరు. పచ్చబొట్టు ఉన్నందుకు మెడికల్‌లో ఆగిపోతమేమో అన్న భయం చాలామందికి ఉంది. ఆర్మీ నియమం ప్రకారం పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు మాత్రమే ఉండొచ్చు. వేరే చోట ఉంటే తీసుకోరు. కానీ అదే నియమంలో మనకు ఒక మినహాయింపు ఉంది. తమ తెగ ఆచారం ప్రకారం ముఖం మీదనో ఒంటి మీదనో పచ్చబొట్లు ఉన్న గిరిజన అభ్యర్థులను ఒక్కొక్కరి కేసు చూసి అనుమతిస్తరు. కేంద్ర సాయుధ బలగాల నోటిఫికేషన్లలో మతపరమైన గుర్తు లేదా పేరు, అదీ ఎడమ ముంజేతి లోపలి వైపు లేదా చేతి వెనక వైపు, ఆ భాగంలో పావు వంతు కన్నా తక్కువ ఉండాలని రాస్తరు. నోటిఫికేషన్ ప్రతిసారీ కొత్తగా చదువుకోండి, సీనియర్ చెప్పిండని ఆగిపోవద్దు.

ఆ మినహాయింపు ఆచారానికి, మన తమ్ముళ్లు జాతరలో మెడ మీద పొడిపించుకునే ఇంగ్లీషు అక్షరాలకు కాదు. కేస్లాపూర్‌లోనైనా మేడారంలోనైనా బ్యాటరీ మిషన్ పట్టుకొని కూర్చున్న వాళ్ల దగ్గర లైన్ కట్టేటప్పుడు రెండు చూడండి: సూది కొత్త ప్యాకెట్ నుంచి మీ ముందు తీసిండా, రంగు కొత్త మూతలో పోసిండా. ఒకే సూది నలుగురికి వాడితే కామెర్ల వైరస్‌లు, హెచ్ఐవీ వచ్చే ప్రమాదం ఉంది. పచ్చబొట్టు వేయించుకున్నాక ఏడాది దాకా రక్తదానానికి కూడా తీసుకోరు, కారణం ఇదే.

తీసేయించుకోవాలనుకునే వాళ్లకు: లేజర్ పచ్చబొట్టును గీకదు. ఒక్క క్షణంలో లక్షల వంతు కన్నా తక్కువ సేపు వెలుతురు కొట్టి మసి రేణువులను పగలగొడతది, అప్పుడు శరీరం వాటిని కొద్దికొద్దిగా మోసుకుపోతది. నల్ల మసి లేజర్‌కు బాగానే లొంగుతది, అయినా చాలా సిట్టింగులు, వాటి మధ్య వారాల వ్యవధి కావాలె. మన చామనఛాయ, నల్లటి చర్మం మీద తప్పు లేజర్ కొడితే చర్మం తన రంగు కోల్పోయి తెల్ల మచ్చ పడుతది, కాబట్టి చర్మ డాక్టర్ దగ్గరికే పోవాలె, పార్లర్‌కు కాదు. ఇంకో విచిత్రం, కనుబొమ్మలకు వేసే ఇనుము రంగు మీద లేజర్ కొడితే అది పోయే బదులు ఒక్కసారిగా నల్లబడొచ్చు. మా చెల్లెకు ఇదే చెప్పిన. ఆమె ఇంకా ఆలోచిస్తుంది, అది ఆమె ఇష్టం.

ముసలమ్మల పచ్చబొట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు ఉండవు. ఏండ్లు గడిచేకొద్దీ మసి అటూ ఇటూ జరుగుతది, గీతల అంచులు పాకుతయి, చర్మం ముడతలు పడితే బొమ్మ మారుతది. మా దాదీ ముంజేతి మీద ఏదో బొమ్మ ఉండేదట, ఆమెకు పేరు తెలుసు, నా కంటికి అది నీలం మరక. అందుకే ఈ సెలవులకు పోయినప్పుడు ఒక నోటుబుక్కులో ఆమె చెప్పినట్టు బొమ్మలు గీయించి, పేర్లు మన భాషలోనే రాసుకుంటున్న. గోండు, కొలాం, కోయ, చెంచు, ఎరుకల, సవర అన్నలు అక్కలు, మీ ఇండ్లల్ల ఏ బొమ్మను ఏమంటరు, ఎన్నో ఏట పొడిచేవాళ్లు, పొడిచింది ఎవరు, కూలి ఏమిచ్చేవాళ్లు, కింద రాయండి. ఫోటో పెట్టేటట్లయితే ముందు ఆ అవ్వను అడిగి పెట్టండి. ఇప్పటికీ సూది పట్టగలిగిన తోటి అవ్వలు ఎవరికైనా తెలిస్తే ముందు వాళ్ల దగ్గరికి పోదాం.